అతుకు వెనుక లెక్క

తెలుగులో ‘అతుకుల బొంత’ అనేది నిందగా స్థిరపడిన మాట. పొందిక లేని వ్యాసాన్ని, పొసగని పక్షాలు కలిసి ఏర్పరచుకొన్న ప్రభుత్వాన్ని, అక్కడొక మాట ఇక్కడొక మాట ఏరి తెచ్చిన ఉపన్యాసాన్ని ఈ ఒక్క మాటతో తీసిపారవేయడం పరిపాటి. ఈ విషయంలో బొంత కుట్టిన అవ్వను ఎవరూ సంప్రదించినట్లు లేదు. సంప్రదించి ఉంటే ఏ చీర అంచు పైకి రావాలో, ఏ చిరుగు అడుగు పొరలోకి పోవాలో, మాసిన ముక్క పక్కన ఏ రంగు ముక్క నిలబడుతుందో ఆమె వివరంగా చెప్పి ఉండేది. సంస్కృతంలో బొంతకు ‘కంథ’ అని పేరు. పాత చీరలను పొరలుగా పరచి సన్నని కుట్లతో బొమ్మలు తీర్చే బెంగాలీ స్త్రీల పనికి నేటికీ కాంథా అన్న పేరే చెల్లుతున్నది. అంటే ఒకచోట ఎగతాళికి వాడే వస్తువు మరొకచోట కళగా మన్నన పొందిందన్నమాట.

అతుకు వేయడాన్ని ఒక ప్రణాళిక గల విద్యగా, దాదాపు ఒక జ్యామితిగా పెంచిన వారిలో అమెరికా స్త్రీలు ముఖ్యులు. వారి క్విల్టు మన బొంతకు దూరపు చుట్టం. పైన రంగురంగుల ముక్కలను కలిపి కుట్టిన బట్ట, నడుమ దూది లేదా ఉన్ని పొర, అడుగున అస్తరు – ఈ మూడూ కలిసినది క్విల్టు. మూడు పొరలను కలిపి పట్టే సన్నని కుట్టుకే నిజానికి క్విల్టింగు అని పేరు. పై పొర కోసం ముక్కలను పేర్చి అతకడం అంతకు ముందు జరిగే వేరే పని. కంప్యూటరు వచ్చి చేరినది ప్రధానంగా ఈ ముందు పనిలోనే.

నిండు దుప్పటిని ఒళ్ళో పెట్టుకొని ఒక్కొక్క ముక్క చేర్చుకొంటూ పోవడం శ్రమ. ఇల్లంతా పరచుకొనే పని అది. 19వ శతాబ్దం నడిమి కాలానికి అమెరికాలో దీనికి ఒక వెసులుబాటు మార్గం స్థిరపడింది. దుప్పటిని చిన్న చిన్న సమాన చదరాలుగా భావించి, ఒక్కొక్క చదరాన్ని విడిగా కుట్టుకొని, సరిపడినన్ని కాగానే వాటిని వరుసలుగా కలపడమే ఆ మార్గం. ఆ చదరాన్ని బ్లాకు అంటారు. 12 అంగుళాల బ్లాకు సర్వసాధారణం. అది ఒళ్ళో ఇమిడేంత పని. ఇంటి చాకిరీ నడుమ చిక్కిన కాస్త తీరికలో మొదలుపెట్టి మళ్ళీ పక్కన పెట్టగలిగిన పని. బ్లాకు అనే ఆలోచన అందానికంటె ముందు ఆడవారి తీరిక ఎంత చిన్నదో దాని కొలతకు పుట్టినదనిపిస్తుంది.

బ్లాకు లోపల మళ్ళీ గళ్ళు ఉంటాయి. నిలువుకు రెండు, అడ్డానికి రెండు గళ్ళుంటే ఫోర్ ప్యాచ్, మూడేసి గళ్ళుంటే నైన్ ప్యాచ్, ఏడేసి గళ్ళుంటే సెవెన్ ప్యాచ్. చుక్కల ముగ్గు వేయడం తెలిసిన తెలుగు ఆడపిల్లకు ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఎన్ని చుక్కలు, ఎన్ని వరుసలు అన్నది ముందు నిర్ణయమైతే ముగ్గు సగం వేసినట్లే. బ్లాకు కూడా అంతే. ముదురు రంగు గళ్ళు అయిదు, లేత రంగు గళ్ళు నాలుగు ఒకటి విడిచి ఒకటి నింపితే అదే నైన్ ప్యాచ్. సాధారణంగా బాలికలకు మొదట నేర్పే బ్లాకులలో అదొకటి. అక్కడి నుంచి ఒక గడిని కర్ణం వెంబడి కోసి రెండు త్రిభుజాలు చేయగానే నక్షత్రాలు, గాలిమరలు, ఎగిరే బాతులు, ఎలుగుబంటి పంజాలు పుట్టుకొస్తాయి.

ఈ పేర్లు బ్లాకులకు నిజంగా ఉన్నవే. ఇరుగుపొరుగుల నోట పుట్టిన పేర్లు కావడం వల్ల అవి ఊరికొక తీరుగా మారిపోయాయి. ఎలుగుబంటి పంజా అని ఒకచోట పిలిచే బ్లాకే మరొకచోట బురదలో బాతు అడుగు అని, ఇంకొకచోట స్నేహ హస్తమని పేరు పొందినట్లు చెబుతారు. అడవి దగ్గరి వారికి ఎలుగుబంటి, నీటి దగ్గరి వారికి బాతు స్ఫురించడంలో వింత లేదు. పత్రికలు రంగంలోకి దిగిన తరువాత పేర్లు మరీ పెరిగాయి. కాన్సస్ సిటీ స్టార్ అనే దినపత్రిక 1928 నుంచి 1961 వరకు క్విల్టు నమూనాలను ప్రచురించింది. వాటి సంఖ్య వెయ్యి దాటింది. పాఠకురాళ్ళు తమ బ్లాకులను పంపేవారు. పత్రిక వాటిని తిరిగి గీసి, పేరు పెట్టి అచ్చు వేసేది. ఈ గందరగోళాన్ని ఒక దారికి తెచ్చిన వారు బార్బరా బ్రాక్‌మన్. అచ్చులో కనబడిన నమూనాలను గళ్ళ సంఖ్యను బట్టి, గీతల అమరికను బట్టి వర్గాలు చేసి, ప్రతిదానికి ఒక సంఖ్య ఇచ్చి ఆమె కూర్చిన నమూనాల విజ్ఞాన సర్వస్వం 1993లో ఒకే గ్రంథంగా వెలువడింది. అందులో నాలుగు వేలకు పైగా బ్లాకులున్నాయి. నిఘంటుకారుడు మాటలకు చేసే సేవను ఆమె ముక్కలకు చేశారు.

గళ్ళు, గీతలు, సంఖ్యలు అన్నీ సిద్ధమై ఉన్న విద్య కంప్యూటరుకు లొంగడానికి ఎంతో కాలం పట్టలేదు. 1991లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, బౌలింగ్ గ్రీన్ అనే ఊరిలో ‘ఎలక్ట్రిక్ క్విల్ట్’ అనే సాఫ్ట్‌వేరు పుట్టింది. దానిని రూపొందించిన దంపతులలో డీన్ న్యూమన్ గణితాచార్యుడు; పెన్నీ మెక్‌మారిస్ క్విల్టులను గురించి టెలివిజన్‌లో కార్యక్రమాలు నడిపిన విదుషి. ఈ విద్యకు కావలసిన రెండు పాళ్ళూ ఆ ఒక్క ఇంట్లోనే కలిశాయి. బ్రాక్‌మన్ సేకరించిన బ్లాకులు కూడా తరువాత ఆ సంస్థ ద్వారానే కంప్యూటరులోకి ఎక్కాయి. అలమరలోని గ్రంథంలో పుట తిప్పి వెదకవలసిన నమూనా ఒక మాట టైపు చేయగానే తెర మీదికి రావడం మొదలైంది.

కంప్యూటరు బొమ్మను దాచుకొనే పద్ధతులు రెండు. ఛాయాచిత్రాన్ని అది లక్షల చుక్కల కూడికగా దాచుకొంటుంది. పెంచి చూస్తే చుక్కలు బయటపడి బొమ్మ చెదురుతుంది. రెండవ పద్ధతిలో చుక్కలుండవు. ఫలానా బిందువు నుంచి ఫలానా బిందువుకు గీత, దాని లోపల ఫలానా రంగు అన్న వర్ణన మాత్రమే ఉంటుంది. దీనిని వెక్టార్ పద్ధతి అంటారు. బ్లాకుకు తగినది ఇదే. ఆరు అంగుళాల బ్లాకును పదిహేను అంగుళాలకు పెంచినా గీత పదును తగ్గదు. 2003లో మొదలైన ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో కూడా ఈ విధంగా బ్లాకు గీయవచ్చు. క్విల్టుల కోసమే తయారైన సాఫ్ట్‌వేరు దీనికి మరికొన్ని పనులు కలుపుతుంది. గీతలు మూసుకొని ఏర్పడిన ప్రతి అరను అది ఒక గుడ్డముక్కగా గుర్తిస్తుంది. అందులో రంగు గాని, స్కాన్ చేసిన అసలు బట్ట బొమ్మ గాని నింపనిస్తుంది. బ్లాకును దుప్పటి అంతటా పరచి చూపుతుంది. చివరకు ఏ ముక్క ఏ కొలతకు కోయాలో పట్టిక ఇస్తుంది.

గీసేటప్పుడు మొదట నిర్ణయించవలసినది గళ్ళ సంఖ్య. గళ్ళ మూలలకు గీత తనంత తాను అతుక్కొనే ఏర్పాటు ఉంటుంది గనుక చెయ్యి కాస్త వణికినా బాధ లేదు. అయితే గీత మరొక గీతను తాకకుండా నడుమ ఆగిపోతే అక్కడ అర ఏర్పడదు, రంగు నిండదు. కత్తెరకు కూడా సగంలో ఆగిన గీత పనికిరాదు కాబట్టి ఈ నియమం న్యాయమైనదే.

తెర మీద అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించేది ఎంపికల సంఖ్య. ఒక చిన్న చదరాన్ని కర్ణం వెంబడి చీల్చి సగం ముదురు, సగం లేత చేయాలి. దానిని నాలుగు దిక్కులకు తిప్పి నాలుగు విధాలుగా నిలపవచ్చు. అటువంటి చదరాలు నాలుగింటిని రెండు వరుసలుగా పేరిస్తే ఏర్పడే అమరికలు నాలుగును నాలుగుసార్లు గుణించగా వచ్చిన 256. వీటిలో మొత్తం బ్లాకును పక్కకు తిప్పితే ఒకటిగా కనిపించే వాటిని ఒకటిగానే లెక్కిస్తే 70 మిగులుతాయి. గాలిమర ఆ డెబ్బయిలో ఒకటి. నైన్ ప్యాచ్‌లోని తొమ్మిది గళ్ళనూ ఇలాగే చీలిస్తే అమరికలు 2,62,144. ఒక స్త్రీ జీవితకాలమంతా రోజుకు పదేసి చొప్పున కాగితం మీద గీసినా ఇవి తరగవు. ఇన్నింటిలో అందమైనది ఏదో కంప్యూటరు చెప్పదు. అది చూపుతుంది, ఏరుకోవడం కుట్టేవారి పని. పూర్వం ఏరుకోవడానికి ముందు గీయవలసి వచ్చేది. గీయడంలోని శ్రమే చాలా అమరికలను మొగ్గలోనే తుంచివేసేది. ఇప్పుడు ఆ జల్లెడ లేదు. కొత్తగా సాఫ్ట్‌వేరు చేతికి వచ్చిన వారు గంటల తరబడి అమరికలు మారుస్తూ ఒక్క బ్లాకైనా కుట్టకుండా ఉండిపోవడానికి కారణం ఇదే.

ఒక్క బ్లాకును చూసి దుప్పటిని ఊహించడం కష్టం. బ్లాకులు పక్కపక్కన చేరినప్పుడు రెండింటి అంచుల దగ్గర ఎవరూ గీయని కొత్త ఆకారాలు పుడతాయి. లాగ్ క్యాబిన్ అనే బ్లాకు దీనికి మంచి ఉదాహరణ. దుంగలతో కట్టిన ఇల్లు అని దాని అర్థం. నడుమ చిన్న చదరం ఉంటుంది. దానిని తరచుగా ఎర్రని బట్టతో చేస్తారు. ఇంటి నడుమ పొయ్యికి అది గుర్తు అని సంప్రదాయం చెబుతుంది. దాని చుట్టూ పట్టీలు ఒకదాని తరువాత ఒకటి తిరుగుతూ పోతాయి. కర్ణానికి ఒకవైపు పట్టీలు లేతవి, రెండవవైపు ముదురువి. అన్ని బ్లాకులూ ఇవే. కాని ముదురు పక్కలను ఒక తీరుగా తిప్పి పేరిస్తే దుప్పటి నిండా నాగటి చాళ్ళు కనిపిస్తాయి. మరొక తీరుగా తిప్పితే నడుమ నుంచి విప్పారే పెద్ద వజ్రాకారాలు ఏర్పడతాయి. పూర్వం దీనికోసం కుట్టిన బ్లాకులన్నీ నేల మీద పరచి, కుర్చీ ఎక్కి చూసి, మళ్ళీ దిగి తిప్పవలసి వచ్చేది. తెర మీద అది క్షణంలో పని. రంగులన్నీ తీసివేసి నలుపు తెలుపుల ఛాయలలో చూసే వీలు కూడా ఇందులో ఉంది. ఆ పరీక్షలో చాలా దుప్పట్లు ఓడిపోతాయి. ఎరుపు, ఆకుపచ్చ కంటికి ఎంత భిన్నంగా తోచినా రెండింటి ముదురుతనం ఒకటే అయితే దూరం నుంచి బొమ్మ కలిసిపోతుంది. బ్లాకును నిలబెట్టేది రంగు కాదు, వెలుగునీడల తేడా.

ఇంతవరకు తెరదే పైచేయి. కత్తెర దగ్గరికి రాగానే కథ మారుతుంది.

తెర మీది గీతకు మందం లేదు. బట్టలో ప్రతి గీత ఒక కుట్టు. ప్రతి కుట్టుకు రెండువైపులా కొంత బట్ట లోపలికి పోతుంది. క్విల్టు పనిలో ఈ మార్జిన్ పావు అంగుళమని నిర్ణయం. కుట్టిన తరువాత నాలుగు అంగుళాలు కనిపించవలసిన చదరాన్ని నాలుగున్నర అంగుళాలకు కోయాలి. ఇది తేలిక. అదే నాలుగు అంగుళాల చదరాన్ని కర్ణం వెంబడి రెండు త్రిభుజాలు చేయవలసి వస్తే మొదట కోయవలసిన చదరం నాలుగున్నర కాదు, 4⅞ అంగుళాలు. త్రిభుజం కొనల దగ్గర మార్జిన్ ఏటవాలుగా సాగడం వల్ల అదనంగా కావలసినది 0.854 అంగుళం; స్కేలు మీద దానికి దగ్గరి గీత ఏడు ఎనిమిదవ వంతులు. రెండు కర్ణాల వెంబడి నాలుగు త్రిభుజాలు చేయాలంటే కలపవలసినది అంగుళంపావు. పూర్వం ఈ లెక్కలు అట్టముక్కల రూపంలో తల్లి నుంచి కూతురికి అందేవి. 1979లో జపానుకు చెందిన ఓల్ఫా సంస్థ గుండ్రని బిళ్ళ వంటి కత్తిని తెచ్చిన తరువాత, పొరలు పొరలుగా బట్టను స్కేలు పెట్టి కోసే అలవాటు వ్యాపించి, అట్టముక్కల స్థానంలో అంకెలు వచ్చాయి. సాఫ్ట్‌వేరు ఆ అంకెలను తప్పు లేకుండా ఇస్తుంది.

ఒహాయో స్టార్ అనే నక్షత్రపు బ్లాకును తీసుకొని ఈ లెక్క ఎంత దూరం పోతుందో చూడవచ్చు. తొమ్మిది గళ్ళలో నడిమి గడి ముదురు, నాలుగు మూలలు లేత. మిగిలిన నాలుగు గళ్ళలో ఒక్కొక్కటి నాలుగు త్రిభుజాలుగా చీలి ఉంటుంది. రెండు ముదురు, రెండు లేత. వెరసి ఒక బ్లాకులో 16 త్రిభుజాలు, 5 చదరాలు – 21 ముక్కలు. అడ్డానికి ఆరు, నిలువుకు ఏడు బ్లాకులు పేరిస్తే 72 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు గల దుప్పటి అవుతుంది. అందులో 42 బ్లాకులు, 882 ముక్కలు. ముదురు త్రిభుజాల కోసం 5¼ అంగుళాల చదరాలు 84 కావాలి. బట్ట వెడల్పు 42 అంగుళాలైతే ఒక పట్టీకి ఎనిమిది చదరాలు సరిగ్గా వస్తాయి. అప్పుడు 11 పట్టీలు, 58 అంగుళాల లోపు బట్ట చాలు. కాని అంచులు పోగా వెడల్పు 40 అంగుళాలే మిగిలితే పట్టీకి ఏడే వస్తాయి. 12 పట్టీలు కావాలి. బట్ట 63 అంగుళాలు. కంప్యూటరు లెక్క రెండు సందర్భాలలోనూ సరైనదే. వెడల్పు ఎంత అని దానికి చెప్పినవారు బట్టను ముందుగా ఉతికి, కొలిచి చెప్పారా లేదా అన్నదే ప్రశ్న.

ఇంతకంటె సున్నితమైన విషయం మరొకటి ఉంది. పడుగు పేకల వెంట లాగితే బట్ట సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. చదరాన్ని ఒక కర్ణం వెంబడి కోస్తే త్రిభుజపు పొడవాటి భుజం ఐమూలగా ఉంటుంది. రెండు కర్ణాల వెంబడి కోస్తే పొడవాటి భుజం పోగు వెంట ఉండి, పొట్టి భుజాలు ఐమూలగా మారతాయి. తెర మీద రెండు త్రిభుజాలూ ఒకటే ఆకారం, ఒకటే కొలత. దుప్పటిలో మాత్రం ఒకటి కాదు. ఒహాయో స్టార్‌లో పొడవాటి భుజాలు గడి అంచు మీద పడతాయి. ఐమూల అంచు అక్కడికి వస్తే ఇస్త్రీ పెట్టె తగిలిన ప్రతిసారీ సాగి బ్లాకు చదరాన్ని వంకర చేస్తుంది. అందుకే వాటిని రెండవ పద్ధతిలోనే కోయాలి. ఏ త్రిభుజాన్ని ఏ విధంగా కోయాలన్న వివేకం వేళ్ళకు బట్ట తగిలితేనే బోధపడుతుంది.

తప్పు చిన్నదైనా గుణకారం పెద్దది. పైన చెప్పిన దుప్పటిలో అడ్డంగా 18 గళ్ళు, వాటి నడుమ 17 కుట్లు. ప్రతి కుట్టూ అంగుళంలో 32వ వంతు లోపలికి జరిగితే రెండువైపులా కలిపి ఒక్కొక్క కుట్టు దగ్గర 16వ వంతు తరుగుతుంది. వరుస చివరికి వచ్చేసరికి దుప్పటి అంగుళానికి పైగా కురచ అవుతుంది. పక్క వరుసలో జరుగుబాటు వేరుగా ఉంటే రెండు వరుసల మూలలు కలవవు. ఆ 32వ వంతు తెర మీద ఎంత వెదికినా కనిపించదు.

పాత పద్ధతి లెక్కలేనిదని, కంప్యూటరు దానికి లెక్క నేర్పిందని అనుకోవడం తప్పు. ఎనిమిది కోణాల లెమాయిన్ నక్షత్రం ఈ సంగతి చెబుతుంది. ఇది గళ్ళలో ఒదగదు. 12 అంగుళాల బ్లాకులో దాని భుజం 3.515 అంగుళాలు. రెండు వర్గమూలం ఇమిడి ఉన్న సంఖ్య ఇది. స్కేలు మీద ఈ గీత ఉండదు. మూడున్నర అని సరిపెట్టుకొంటే బ్లాకు 11.95 అంగుళాలే అవుతుంది. ఈ కొలతను సంఖ్య అవసరం లేకుండా రాబట్టే ఉపాయం ఒకటి ఉంది. చదరపు కాగితాన్ని రెండు కర్ణాల వెంబడి మడిచి విప్పితే నడుమ ఒక బిందువు తేలుతుంది. మూల నుంచి ఆ బిందువుకు ఉన్న దూరాన్ని దారంతో కొలిచి, అదే దూరాన్ని ఆ మూల నుంచి రెండు అంచుల మీద గుర్తు పెట్టాలి. నాలుగు మూలల నుంచి ఇలా చేస్తే ఎనిమిది గుర్తులు వస్తాయి. నక్షత్రపు ఎనిమిది కొనలూ అవే. దారం, కాగితం చాలు. వర్గమూలం వాటంతట అవే కట్టుకొంటాయి. సాఫ్ట్‌వేరు ఈ నక్షత్రాన్ని క్షణంలో గీసిపెడుతుంది. కాని మూల చదరాలను అందులో అతికేటప్పుడు కుట్టు పావు అంగుళం ముందే ఆగి, మలుపు తిరిగి సాగాలన్న సంగతి గీతను చూస్తే తెలియదు. తెర మీద అన్ని గీతలూ ఒకే తీరుగా ఉంటాయి; సూదికి అన్నీ ఒకటి కావు. ఏడు గళ్ళ ఎలుగుబంటి పంజాను 12 అంగుళాలకు సాగదీస్తే తెర అభ్యంతరం చెప్పదు. గడి ఒకటికి 1.714 అంగుళాలు కొలవవలసి వచ్చినప్పుడు అభ్యంతరం స్కేలు చెబుతుంది. అనుభవం ఉన్నవారు అందుకే ఆ బ్లాకును 14 అంగుళాలకు పెంచుతారు, లేదా పదిన్నరకు తగ్గిస్తారు.

గళ్ళు, సమానత, అద్దంలోని ప్రతిబింబం వంటి పోలిక – ఇవి కంప్యూటరుకు సహజమైనవి. వాటికి వెలుపల ఉన్న అందం మాటేమిటన్నది ఈ విద్యలో తేలికగా తీసివేయలేని ప్రశ్న. అలబామా రాష్ట్రంలో, అలబామా నది మూడువైపులా చుట్టి ప్రవహించే చోట గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసత్వం కాలం నాటి పత్తి తోటల కూలీల వారసులైన నల్లజాతివారు అక్కడ నివసిస్తారు. 1960ల ఆరంభంలో వారు ఓటు హక్కు కోసం నది దాటి పోసాగారు. 1962లో పడవ సౌకర్యం ఆగిపోయింది; తిరిగి మొదలైనది 2006లో. చలికాలంలో వెచ్చదనం చాలని ఇళ్ళలో ఆ స్త్రీలు చిరిగిన పని దుస్తులను, జీన్సు ప్యాంట్లను, పిండి సంచులను కోసి క్విల్టులు కుట్టారు. వారికి ఇష్టమైన హౌస్‌టాప్ అనే అమరిక లాగ్ క్యాబిన్‌కు సోదరి వంటిదే. నడుమ చదరం, చుట్టూ పట్టీలు. కాని ఏ రెండు పట్టీల వెడల్పూ ఒకటి కాదు. ఒక పట్టీ నడుమ గుడ్డ చాలక వేరే రంగు ముక్క చేరుతుంది. మోకాలి దగ్గర వెలిసిపోయిన ప్యాంటు వెలిసినంత మేర లేతగా, జేబు ఊడదీసిన చోట ముదురుగా మెరుస్తుంది. 2002లో హ్యూస్టన్ నగరంలోని లలితకళల మ్యూజియంలో, ఆపైన న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో ఈ క్విల్టులను గోడలకు వేలాడదీసినప్పుడు చూపరులు ఆధునిక చిత్రకళను చూసినట్లు నిలబడిపోయారు. 2006లో అమెరికా తపాలా శాఖ వీటి బొమ్మలతో బిళ్ళలు వెలువరించింది.

వీటిని సాఫ్ట్‌వేరులో గీయలేమా అంటే గీయవచ్చు. ఒక్కొక్క గీతను వంకరగా లాగి, ఒక్కొక్క అరకు వేరే రంగు నింపితే బొమ్మ వస్తుంది. కాని అది ముందే ముగిసిన పనికి నకలు అవుతుంది. గీస్ బెండ్ స్త్రీ తరువాతి పట్టీ ఏదో ముందుగా నిర్ణయించుకోదు. చేతిలో మిగిలిన గుడ్డ ఎంత, అది ఏ రంగు అన్నదే ఆమె చేత తరువాతి పట్టీని నిర్ణయింపజేస్తుంది. తెర మీద గుడ్డకు కొరత లేదు. కొరత లేని చోట ఈ తీరు పుట్టడం దుర్లభం.

అయితే ఈ నష్టాన్ని కంప్యూటరు నెత్తిన రుద్దడం న్యాయం కాదు. 1966లో, పౌరహక్కుల ఉద్యమం నాటి వేడిలో, ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకొన్నారు. పెద్ద నగరాల దుకాణాల నుంచి కొనుగోలు ఉత్తరువులు వచ్చాయి. దుకాణం కోరినది ఒకదానితో ఒకటి తేడా లేని సరుకు. అదే నమూనా, అదే కొలత, అదే రంగు. 1972లో సియర్స్ సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు వారు కార్డురాయ్ బట్టతో దిండు గలీబులు వరుసగా కుట్టారు. ఆ సంపాదన ఎన్నో ఇళ్ళను నిలబెట్టింది. దానిని తక్కువ చేయరాదు. గలీబులు కుట్టగా మిగిలిన కార్డురాయ్ ముక్కలను మాత్రం వారు ఇంటికి తీసుకొనిపోయి, తమకు తోచిన తీరుగా క్విల్టులు కుట్టుకొన్నారు. గీస్ బెండ్ పనులలో ఎన్నదగిన వాటిలో ఆ కార్డురాయ్ క్విల్టులు కొన్ని ఉన్నాయి. సాఫ్ట్‌వేరు పుట్టడానికి రెండు దశాబ్దాల ముందే ఒకే చేతులు పగలు ఒక తీరుగా, ఇంట్లో మరొక తీరుగా కుట్టాయన్నమాట.

బ్లాకు అనే భావనే లేని సంప్రదాయం మన దేశంలోనూ ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా అడవి పల్లెలలో సిద్దీ జాతివారు నివసిస్తారు. వారి పూర్వులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. ఆ స్త్రీలు పాత చీరలు, చొక్కాల గుడ్డలతో కుట్టే బొంతకు కవంది అని పేరు. అడుగున ఒక చీర పరచి, మూల దగ్గర మొదలుపెట్టి, అంచుల వెంట ముక్కలను కుట్టుకొంటూ చుట్టూ తిరిగి క్రమంగా నడుమకు చేరుకోవడం వారి పద్ధతి. ముందుగా గీసిన గళ్ళు ఉండవు. ముక్కను నిలిపే కుట్టే పొరలను కూడా కలుపుతుంది. నమూనా మొత్తం ఎలా ఉంటుందో కుట్టే ఆమెకు కూడా నడుమ చేరేవరకు పూర్తిగా తెలియదు. చివరగా నాలుగు మూలలలో గుడ్డను మడిచి త్రికోణాలుగా చేసిన చిన్న పొరలు కుడతారు. వాటిని ఫూలా, అనగా పువ్వు అంటారు. అవి లేని కవందిని బట్ట కట్టని మనిషితో పోలుస్తారు.

అభ్యాసం

1. బ్లాకు పద్ధతి ఏ అవసరం నుంచి పుట్టినదో పాఠం ఆధారంగా వివరించండి.
2. ఆరు అంగుళాల గాలిమర బ్లాకులో నాలుగు గళ్ళున్నాయి. ఒక్కొక్క గడి కర్ణం వెంబడి రెండు త్రిభుజాలుగా చీలి ఉంది. త్రిభుజాల కోసం మొదట కోయవలసిన చదరం కొలత ఎంత? ఎన్ని చదరాలు కావాలి?
3. “తెర మీద అన్ని గీతలూ ఒకే తీరుగా ఉంటాయి, సూదికి అన్నీ ఒకటి కావు.” – ఈ వాక్యాన్ని రెండు ఉదాహరణలతో సమర్థించండి.
4. దుకాణం కోసం కుట్టిన గలీబుకు, మిగిలిన ముక్కలతో ఇంట్లో కుట్టిన క్విల్టుకు గల తేడాను గురించి మీ అభిప్రాయం రాయండి.
5. మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని బొంత కుట్టడం తెలిసిన పెద్దలుంటే వారు ముక్కలను ఎలా ఎంపిక చేస్తారో అడిగి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా రాయండి.